పిల్లల బ్రీతింగ్ ట్యూబు సైజు త్రీడీ ప్రింట్ తీసి ముందే తెలుసుకోవచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదండీ. బాబుకి రెండున్నరేళ్లు. నెలలు నిండకుండా పుట్టి, పుట్టగానే కొన్ని వారాలు వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఇప్పుడు గజ్జల్లో హెర్నియాకి ఆపరేషన్ చేయాలన్నారు. ఏడ్చినా, జలుబు చేసినా ఊపిరి పీల్చేటప్పుడు గొంతులో కీచుమని శబ్దం వస్తోంది. భీమవరంలో మత్తు డాక్టరు చూసి, "లోపల దారి సన్నబడి ఉండొచ్చు, ఏ సైజు ట్యూబు పడుతుందో ముందే చెప్పలేను, పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లండి" అన్నారు. ఇంజినీరింగ్ చదివే మీ తమ్ముడేమో కాలేజీ ల్యాబులో త్రీడీ ప్రింటర్ ఉంది, సీటీ తీయిస్తే గొంతు నమూనా ప్రింట్ చేసి ట్యూబు సైజు తేల్చేద్దాం అంటున్నాడు. ఇది కుదిరే పనేనా, చేయించమంటారా అని మీ ప్రశ్న.

కుదిరే పనే. మీ తమ్ముడు గాలిలో మాట చెప్పలేదు. కానీ ఒక్క ట్యూబు సైజు కోసం మీ బాబుకి సీటీ తీయించకండి. ముందు కావాల్సింది పిల్లలకి బ్రాంకోస్కోపీ (సన్నటి కెమెరా గొట్టంతో శ్వాసనాళం లోపల చూసే పరీక్ష) చేసే ఈఎన్‌టీ డాక్టరు. ఆ శబ్దం ఎందుకొస్తోందో లోపలికి చూసి చెప్పాలి. ఆ తర్వాత వాళ్లకే సీటీ అవసరమనిపిస్తే తీస్తారు. అప్పుడు ఆ సీటీ నుంచి నమూనా చేసుకుంటే మంచిదే, మత్తు డాక్టరుకి పనికొస్తుంది. అసలు ఇంకో మాట, మీ బాబు ఆపరేషన్‌కి గొంతు లోపలికి ట్యూబే అవసరం పడకపోవచ్చు. దాని గురించి కిందన రాస్తాను.

నేను రాజమండ్రి వైపు పిల్లల ఆపరేషన్లకి మత్తు ఇస్తుంటాను. పీజీ కాకినాడలో. ఈ ప్రింటు నమూనాలు కొన్నేళ్లుగా అడపాదడపా వాడుతున్నాను. కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను, మీ తమ్ముడికి కూడా చూపించండి.

మామూలుగా సైజు ఎలా ఎంచుకుంటాం

ట్యూబు మీద 4 అని ఉంటే లోపలి వ్యాసం 4 మి.మీ. అని అర్థం. అర మిల్లీమీటరు తేడాతో సైజులుంటాయి: 3, 3.5, 4, 4.5 ఇలా. రెండేళ్లు దాటిన పిల్లలకి వయసును 4తో భాగించి 4 కలిపితే కఫ్ లేని ట్యూబు సైజు వస్తుంది. కఫ్ అంటే ట్యూబు చివర ఉండే చిన్న బెలూన్. అది ఉన్న ట్యూబైతే 4 బదులు 3.5 కలుపుతాం. నాలుగేళ్ల పిల్లకి కఫ్ లేనిది 5, కఫ్ ఉన్నది 4.5. మీ బాబు వయసుకి కఫ్ ఉన్నది 4 దగ్గర వస్తుంది. థియేటర్లో సీనియర్ సిస్టర్లు కొందరు ఇప్పటికీ పిల్లవాడి చిటికెన వేలు చూసి సైజు చెప్తారు. ఆ లెక్క ఒక్కోసారి సరిపోతుంది, ఒక్కోసారి పోదు. నేను దాని మీద ఆధారపడను.

లెక్క వేసి ఒక సైజు అనుకుంటాం కానీ, బల్ల మీద పైది ఒకటి, కిందది ఒకటి కూడా తీసి పెట్టుకుంటాం. ట్యూబు వేశాక ఊపిరితిత్తుల్లోకి మెల్లగా ఒత్తిడి పెంచుతూ, ట్యూబు పక్కనుంచి గాలి ఎప్పుడు లీకవుతుందో చెవి పెట్టి వింటాం. నీటి మట్టం లెక్కలో 20 నుంచి 25 సెంటీమీటర్ల ఒత్తిడి దగ్గర కొంచెం గాలి బయటికి వస్తే సైజు సరిపోయినట్టు. అసలు రాకపోతే బిగుతుగా ఉందని తీసేసి చిన్నది వేస్తాం. మరీ ముందే వచ్చేస్తే వదులు.

ఇంత పట్టింపు ఎందుకంటే, పసిపిల్లల దారి అంత సన్నం. 4 మి.మీ. వెడల్పున్న దారి చుట్టూ లోపలి పొర 1 మి.మీ. వాచిందనుకోండి, మిగిలేది 2 మి.మీ. గాలి వెళ్లే జాగా నాలుగో వంతుకి పడిపోతుంది. ఊపిరికి అడ్డు పదహారు రెట్లు పెరుగుతుంది. పెద్దవాళ్లలో అదే 1 మి.మీ. వాపుకి గొంతు బొంగురుపోయి ఊరుకుంటుంది. బిగుతు ట్యూబు రోజుల తరబడి ఒరుసుకుంటే పుండు పడి, మానేటప్పుడు మచ్చ కట్టి, దారి శాశ్వతంగా సన్నబడిపోతుంది. నెలలు తక్కువ పుట్టి వెంటిలేటర్ మీద ఉండి వచ్చిన పిల్లల్లో మేం భయపడేది దీనికే. భీమవరంలో మీకు చెప్పిన డాక్టరుది తెలియకపోవడం కాదు, తెలిసి జాగ్రత్త పడటం.

కఫ్ ట్యూబులు చిన్నపిల్లలకి వాడకూడదని మేం చదువుకునే రోజుల్లో గట్టిగా చెప్పేవారు. 2009లో యూరప్‌లో 2246 మంది పిల్లల మీద చేసిన పెద్ద పరిశోధన వచ్చాక ఆ పట్టు సడలింది. కఫ్ లేని ట్యూబులు వేసినవాళ్లలో 30.8 శాతం మందికి ట్యూబు తీసి ఇంకో సైజు వేయాల్సి వచ్చింది. కఫ్ ఉన్నవాళ్లలో అది 2.1 శాతమే. ట్యూబు తీశాక గొంతులో శబ్దం రావడం రెండు వైపులా దాదాపు సమానం. అంటే కొంచెం చిన్న సైజు వేసి, మిగిలిన సందుని బెలూన్‌తో మెత్తగా మూసేస్తే చాలు. బెలూన్ ఒత్తిడి అదే నీటి మట్టం లెక్కలో 20 దాటకుండా మీటరు పెట్టి చూసుకోవాలి, అంతే. ఇదెందుకు చెప్తున్నానంటే, మామూలు గొంతు ఉన్న పిల్లలకి సైజు అన్నది ఇప్పుడు అంత పెద్ద చిక్కు కాదు. వాళ్లకి త్రీడీ ప్రింట్ తీయడం వృథా ఖర్చు, పైగా అనవసర రేడియేషన్. చిక్కల్లా లెక్కకి లొంగని గొంతులతోనే.

ప్రింట్ ఏం చేస్తుంది

స్వరపేటిక కింద క్రైకాయిడ్ అని ఒక ఉంగరం లాంటి మృదులాస్థి ఉంటుంది. శ్వాసనాళంలో మిగతా ఉంగరాలన్నీ వెనక వైపు తెరుచుకుని ఉంటాయి. ఇదొక్కటే పూర్తిగా మూసుకున్న ఉంగరం కాబట్టి సాగదు. ఇది గుండ్రంగా ఉంటుందని పుస్తకాల్లో చాలాకాలం రాశారు. ఆ మాట వెనక కథ మీ తమ్ముడికి నచ్చుతుంది. 1897లో బాయే అనే ఫ్రెంచి వైద్యుడు చనిపోయిన పిల్లల గొంతుల్లో అచ్చులు పోసి కొలతలు తీశాడు. 1951లో అమెరికాలో ఎకెన్‌హాఫ్ అనే మత్తు వైద్యుడు తన వ్యాసంలో ఆ కొలతల్నే ఎత్తి చూపించి, చనిపోయినవాళ్ల కొలతలు బతికున్న పిల్లలకి యథాతథంగా వర్తించకపోవచ్చని కూడా హెచ్చరించాడు. హెచ్చరిక ఎవరికీ గుర్తులేదు, "క్రైకాయిడే అన్నిటికంటే సన్నం, గుండ్రం" అన్నది మాత్రం తరతరాలు బట్టీ పట్టాం. తర్వాత ఎంఆర్‌ఐలు, వీడియో బ్రాంకోస్కోపీలు వచ్చి చూస్తే, బతికున్న పిల్లల్లో స్వరతంతుల దగ్గర, వాటి కిందనే ఇంకా సన్నంగా ఉండొచ్చని, ఉంగరం కూడా అటూ ఇటూ నొక్కినట్టు కోలగా ఉంటుందని తేలింది.

కోలగా ఉన్న దారిలో గుండ్రటి ట్యూబు వేస్తే ముందు వెనక గాలి లీకవుతూనే ఉంటుంది, పక్కల మాత్రం గట్టిగా నొక్కుతుంది. లీకుంది కదా అని మనం ధైర్యంగా ఉంటాం. నమూనా చేతిలో ఉంటే ఇది కంటికి కనిపిస్తుంది. ఎంత సన్నం, ఏ ఆకారం, ఆ ఇరుకు ఎంత పొడవుంది, స్వరతంతులకి ఎంత కింద ఉంది, ఒకటే ఇరుకా రెండా, అన్నీ వేలు పెట్టి చూపించొచ్చు. అసలు ట్యూబులే తెచ్చి అందులో దూర్చి చూడొచ్చు. సీటీ రిపోర్టులో "సబ్‌గ్లాటిక్ నేరోయింగ్" (స్వరతంతుల కింద ఇరుకు) అన్న ఒక్క ముక్క చదవడానికీ దీనికీ చాలా తేడా.

కొరియాలో పుట్టుకతో గుండె జబ్బున్న పిల్లల మీద ఈ పద్ధతి ప్రయత్నించి చూశారు. వాళ్లని ఎంచుకోవడంలో తెలివి ఉంది. గుండె ఆపరేషన్ కోసం వాళ్లకి ఎలాగూ సీటీ తీస్తారు. ఆ బొమ్మల్లోంచే శ్వాసనాళం తీసి ప్రింట్ చేసుకుంటే పిల్లవాడికి అదనంగా ఒక్క చుక్క రేడియేషన్ కూడా తగలదు.

నా అనుభవంలో ఒకటి చెప్తాను. లంక గ్రామం నుంచి ఆరేళ్ల అబ్బాయి. కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచిన పురుగుమందు తాగేసి, అంతకుముందెప్పుడో చాలా రోజులు వెంటిలేటర్ మీద ఉండి బతికాడు. తర్వాత చెట్టు మీంచి పడి మోచెయ్యి విరిగింది. పరిగెడితే ఆయాసం, శబ్దం ఉన్నాయి. ఈఎన్‌టీవాళ్లు అప్పటికే చూసి సీటీ తీయించి ఉన్నారు. లెక్క ప్రకారం కఫ్ ఉన్నది 5 పడాలి. నమూనాలో 4 బిగిసిపోయింది, 3.5 జారింది. అంతకంటే ముఖ్యమైంది ఇంకొకటి కనిపించింది. ఇరుకు కొంచెం కిందికి ఉంది. ట్యూబు చివర దాన్ని దాటి వెళ్లాలి. 3.5 ట్యూబు పసిపిల్లల కోసం చేసింది, దాని పొడవూ ఆ మేరకే ఉంటుంది. ఆరేళ్ల పిల్లవాడి నోట్లోంచి ఇరుకు దాటేదాకా వెళ్తే పెదవి దగ్గర అంటించడానికి ఏమీ మిగలదు. సన్నగా ఉండాలి, పొడుగ్గానూ ఉండాలి. అలాంటి ట్యూబు ప్రతి థియేటర్లో అలమరా తెరవగానే దొరకదు, ముందే తెప్పించాలి. ఈ పొడవు సంగతి ముందు రోజు బల్ల మీద తెలియడం వేరు, పిల్లవాడికి మత్తిచ్చాక తెలియడం వేరు. ఆ అబ్బాయికి చివరికి ఎముకల డాక్టరుతో మాట్లాడి, చేతికి నరాల దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పైపైన నిద్ర పుచ్చి పని కానిచ్చాం. ట్యూబు పక్కన సిద్ధంగా ఉంది, వాడలేదు.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పాపకి కూడా ఒకసారి ప్రింట్ తీశాం. ఈ పిల్లలకి శ్వాసనాళం వయసుకి తగ్గంత ఉండదు, లెక్క చెప్పినదానికంటే ఒకటి రెండు సైజులు తక్కువతో మొదలుపెట్టాలన్నది తెలిసిన విషయమే. నమూనా కూడా అదే చెప్పింది. అంటే దాని వల్ల కొత్తగా తెలిసిందేమీ లేదు. అలాంటివీ ఉంటాయి.

ఎక్కడ తేడా కొడుతుంది

ఇది మీ తమ్ముడు శ్రద్ధగా చదవాలి. ట్యూబు సైజుకీ సైజుకీ తేడా అర మిల్లీమీటరు. చిన్న పిల్లల సీటీ బొమ్మలో ఒక్కో చుక్క (పిక్సెల్) వెడల్పు కూడా ఇంచుమించు అంతే, 0.3 నుంచి 0.5 మి.మీ. మధ్య. అంటే కంప్యూటర్లో గీత ఒక చుక్క అటు జరిగితే సైజు మారిపోతుంది. ఈ పని మొత్తానికి మూలమైన చిక్కు ఇదే.

సీటీలో గాలి విలువ మైనస్ 1000 దగ్గర, కండ విలువ ప్లస్ 40 దగ్గర ఉంటుంది. గోడ ఎక్కడ మొదలైందో తేల్చడానికి మధ్యలో ఒక అంకె పెట్టాలి. మైనస్ 500 చుట్టుపక్కల పెడితే న్యాయంగా ఉంటుంది. మైనస్ 700 పెడితే దారి ఉన్నదానికంటే సన్నంగా వస్తుంది, మైనస్ 300 పెడితే వెడల్పుగా వస్తుంది. త్రీడీ స్లైసర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇదంతా చేసుకోవచ్చు, చాలామంది దాన్నే వాడతారు. అందులో "స్మూతింగ్" అని ఒకటుంది. బొమ్మ నున్నగా అందంగా వస్తుందని కుర్రాళ్లు దాన్ని ఎడాపెడా నొక్కేస్తారు. మచ్చ కట్టిన చోట సన్నటి గట్టు లాంటిది ఉంటే స్మూతింగ్‌లో అది కరిగిపోతుంది. మనం వెతుకుతున్నదే అది!

సీటీ ముక్కల మందం చూడండి. 1 మి.మీ. లేదా అంతకంటే తక్కువ ఉండాలి. 5 మి.మీ. ముక్కలతో తీసినదాంట్లోంచి నమూనా చేస్తే మెట్లు మెట్లుగా వస్తుంది, పొట్టి ఇరుకు రెండు ముక్కల మధ్య మాయమైపోవచ్చు. స్కానింగ్ సెంటర్లో ఇచ్చే ఫిల్ములు, వాటిని ఫోన్‌తో తీసిన వాట్సాప్ ఫొటోలు దీనికి పనికిరావు. డైకామ్ ఫైళ్లు, అంటే స్కాన్ అసలు బొమ్మల ఫైళ్లు, ఉన్న సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ అడిగి తీసుకోవాలి. అడిగితే ఇస్తారు, అడక్కపోతే ఎవరూ ఇవ్వరు. అందులో బాబు పేరు, వయసు అన్నీ ఉంటాయి. కాలేజీ కంప్యూటర్లో పెట్టేముందు ఆ వివరాలు తీసేయమనండి.

ఇక ప్రింటర్ సంగతి. ప్లాస్టిక్ తీగ కరిగించి పోసే మామూలు ప్రింటర్లలో రంధ్రాలు అనుకున్నదానికంటే సన్నంగా వస్తాయి. ఎంత సన్నమన్నది ఆ ప్రింటర్, ఆ తీగ, ఆ వేగాన్ని బట్టి ఉంటుంది. అందుకని గొంతు నమూనాతో పాటు అదే ప్రింటులో 4, 5, 6, 7 మి.మీ. రంధ్రాలున్న చిన్న పలక, 10 మి.మీ. ఘనం ఒకటి తీయమనండి. వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. 5 అనుకున్న రంధ్రం 4.7 వచ్చిందంటే గొంతులోనూ అంతే తగ్గి ఉంటుంది. ప్రింటర్‌ కోసం నమూనాని దాచే ఎస్‌టీఎల్ ఫైల్లో మి.మీ., సెం.మీ. లాంటి కొలమానం అనేది ఉండదు, అంకెలే ఉంటాయి. ఎక్కడో స్కేలు పది శాతం మారితే కంటికి తెలియదు. ఘనం కొలిస్తే బయటపడుతుంది.

రెసిన్ అనే ద్రవాన్ని వెలుతురుతో గట్టిపరిచే ప్రింటర్ అయితే కొలతలు ఇంకా బాగా వస్తాయి. కానీ సన్నటి గొట్టం లోపల పచ్చి రెసిన్ నిలిచిపోయి అక్కడే గట్టిపడుతుంది. ఒక కేసులో ఇలాగే నమూనాలో 3.5 కూడా కష్టంగా వెళ్లింది, పాపకి మాత్రం 4 హాయిగా పడింది. తర్వాత నమూనాని నిలువునా కోసి చూస్తే లోపల రెసిన్ పొర కట్టి ఉంది. అప్పటినుంచి నేను ఎప్పుడూ నిలువునా రెండు చెక్కలుగా ప్రింట్ చేయమంటాను. కడగడం సులువు, చూడటం సులువు, రెండూ కలిపి రబ్బరు బ్యాండు వేస్తే ట్యూబు దూర్చి చూడొచ్చు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన బాధ ఒకటుంది, తేమ. వానాకాలం నుంచి తుఫాన్ల రోజులు దాటేదాకా డెల్టాలో గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ తీగ ఆ తేమంతా పీల్చుకుంటుంది. కరిగేటప్పుడు చిటపటమంటూ బుడగలొచ్చి, రంధ్రం లోపల నూగులాగా దారాలు వేలాడతాయి. అవి ట్యూబుకి అడ్డం పడి, గొంతే సన్నంగా ఉందనిపిస్తాయి. తీగని ఆరబెట్టే పెట్టెలో పెట్టి, సిలికా జెల్‌తో డబ్బాలో మూసి ఉంచాలి. ప్రింట్ గంటల తరబడి నడుస్తుంది, మధ్యలో కరెంటు పోతే అతుకు దగ్గర కొలత మారుతుంది. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు.

ట్యూబు విషయంలో కూడా ఒక మెలిక ఉంది. 4 అన్నది లోపలి వ్యాసం. గొంతుకి తగిలేది బయటి వ్యాసం. అది 5.5 మి.మీ. దగ్గర ఉంటుంది, కంపెనీ కంపెనీకి కొంచెం మారుతుంది. ట్యూబు మీదే ఓడీ అని రాసి ఉంటుంది. కాబట్టి నమూనాలో ఒక కంపెనీది దూర్చి చూసి, థియేటర్లో ఇంకో కంపెనీది వేస్తే చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరే.

నమూనా చెప్పలేనివి

నమూనా గట్టిది. బతికున్న గొంతు మెత్తనిది, తడిగా ఉంటుంది, వాస్తుంది, తగ్గుతుంది. గాజులమ్మే ఆవిడ చేతి కొలత టేపుతో తీయదు, తొడిగి చూసి రెండున్నరా, రెండుంబావా చెప్తుంది. ఎముక, కండ, చెయ్యి ముడిచే తీరు అన్నీ టేపుకి అందవు కాబట్టి. ఇక్కడా చివరి మాట థియేటర్లో వేసి చూసి, లీకు వినే చెప్పాలి. నమూనా ఏ సైజుతో మొదలుపెట్టాలో చెప్తుంది, అంతవరకే.

ఊపిరి తీసేటప్పుడు శ్వాసనాళం మెత్తబడి కూలిపోయే జబ్బు ఒకటుంది, ట్రాకియోమలేసియా అంటారు. మీ బాబు లాంటి పిల్లల్లో శబ్దానికి అదీ కారణం కావచ్చు. సీటీ ఒక క్షణంలో తీసిన బొమ్మ. ఆ క్షణంలో దారి తెరుచుకుని ఉంటే నమూనా బ్రహ్మాండంగా ఉన్నట్టు కనిపిస్తుంది. బ్రాంకోస్కోపీలో పిల్లవాడు ఊపిరి తీస్తుండగా చూస్తారు కాబట్టి ఇది దొరుకుతుంది. అంతేకాదు, ఇరుకు ఉంటే ఎంత ఉందో తేల్చడానికి ఈఎన్‌టీవాళ్లు అక్కడికక్కడే వేర్వేరు సైజుల ట్యూబులు వేసి లీకు చూస్తారు. ఏ ట్యూబు పట్టిందన్న దాన్ని బట్టే ఇరుకుకి ఒకటి నుంచి నాలుగు వరకు గ్రేడు ఇస్తారు. సగం లోపు మూసుకుంటే ఒకటి, అసలు దారే లేకపోతే నాలుగు. అంటే మీకు కావాల్సిన ట్యూబు సైజు ఆ పరీక్షలోనే వచ్చేస్తుంది, నమూనా లేకుండానే.

పాత సీటీ కూడా పనికిరాదు. ఏడాది కిందటి గొంతు కాదు ఇప్పుడున్నది. జలుబు చేసి ఉన్నప్పుడు తీసిన సీటీలో వాపు కూడా కలిసి ఉంటుంది.

తొందర పని ఉన్నప్పుడు ఈ ముచ్చటే లేదు. భోగిపళ్లు పోసే రోజుల్లో రేగిగింజో, వేరుశనగ గింజో గొంతులోకి పోయి ఊపిరాడని పిల్లలు వస్తుంటారు. రాత్రంతా ప్రింటర్ తిరిగే దాకా ఎవరు ఆగుతారు? అప్పుడు లెక్క, చేతి అనుభవం, బల్ల మీద వరసగా పెట్టిన ట్యూబులు, ఇవే.

ఇంకొకటి. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో 2012లో ఒక పసివాడి శ్వాసనాళానికి త్రీడీ ప్రింట్ చేసిన ఆధారం అమర్చి బతికించారన్న వార్త మీ తమ్ముడు చదివే ఉంటాడు. అది నిజమే, 2013లో వైద్య పత్రికలోనూ వచ్చింది. కానీ అది కూలిపోతున్న నాళాన్ని బయటినుంచి పట్టి ఉంచే తొడుగు, కొన్నేళ్లకి ఒంట్లో కరిగిపోయే పదార్థంతో చేసింది. ప్రత్యేక అనుమతి తీసుకుని వాడారు. మనం మాట్లాడుతున్నది బల్ల మీద పెట్టుకుని చూసే బొమ్మ గురించి. ఆ గీత దాటొద్దు. ప్రింట్ చేసిన వస్తువు ఏదీ పిల్లవాడి నోట్లోకి, గొంతులోకి వెళ్లకూడదు. నమూనాలో దూర్చి చూసిన ట్యూబు కూడా మళ్లీ పిల్లవాడికి వాడకూడదు, దాన్ని పారేయాల్సిందే. ఒంట్లోకి వెళ్లేది ఏదైనా వైద్య పరికరం కింద లెక్క, 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ దానికి వర్తిస్తాయి. కాలేజీ ల్యాబు పని కాదు.

మీ బాబు విషయానికి వస్తే

గజ్జల్లో హెర్నియా చిన్న ఆపరేషనే. ఆ వయసు పిల్లలకి చాలాసార్లు మేం స్వరతంతుల కిందకి ట్యూబు వేయం. లారింజియల్ మాస్క్ అని ఒకటుంది, అది గొంతు పైభాగంలోనే కూర్చుంటుంది, ఇరుకు ఉన్న చోటుని తాకదు. 10 నుంచి 20 కిలోల మధ్య బరువుంటే దాంట్లో 2 నంబరు పడుతుంది. దానికి తోడు నడుము కింద కాడల్ అనే మత్తు సూది ఇస్తే మత్తు మందు తక్కువ సరిపోతుంది, లేచిన కొత్తల్లో నొప్పీ అంతగా ఉండదు. అయితే మాస్క్ పెట్టాం కదా అని ట్యూబు సంగతి మర్చిపోవడం కుదరదు. అవసరం పడితే వేయడానికి లెక్క ప్రకారం వచ్చిన సైజు, దానికంటే చిన్నవి రెండు మూడు పక్కన ఉండాల్సిందే. ఆపరేషన్ అయ్యాక బాబుని పిల్లల ఐసీయూ అందుబాటులో ఉన్న చోట కనీసం ఒక రాత్రి చూసుకోవడం మంచిది. అందుకే పెద్ద ఆసుపత్రి అన్నారు. కాకినాడో, రాజమండ్రో, విజయవాడో, మీకు ఏది వీలైతే అది. ఈఎన్‌టీ, పిల్లల సర్జను, మత్తు డాక్టరు, ఐసీయూ ఒకే చోట ఉండటం ముఖ్యం. వీలైతే బ్రాంకోస్కోపీ, హెర్నియా రెండూ ఒకే మత్తులో అయిపోయేలా అడగండి. చాలాచోట్ల ఒప్పుకుంటారు.

తొందరేం లేదు కదా అని మరీ వాయిదా వేయకండి. హెర్నియా ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, బాబు వాంతులు చేసుకుంటూ ఏడుస్తుంటే అది ఎమర్జెన్సీ, అప్పుడు ఇవేవీ ఆలోచించకుండా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లిపోవాలి. మరోపక్క జలుబు, దగ్గు ఉన్నప్పుడు మాత్రం మామూలు ఆపరేషన్ పెట్టుకోవద్దు. తగ్గి రెండు వారాలైనా దాటనివ్వండి. ఈ గొంతుతో జలుబు కలిస్తే మాకూ టెన్షనే.

వెళ్లేటప్పుడు ఇవి పట్టుకెళ్లండి: పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం (అందులో ఏ సైజు ట్యూబు వేశారో, ఎన్ని రోజులుందో, తీశాక మళ్లీ వేయాల్సి వచ్చిందో ఉంటుంది, మాకు అది బంగారం), శబ్దం వస్తున్నప్పుడు ఫోన్‌లో తీసిన వీడియో, నిద్రలో ఊపిరి తీస్తుండగా ఛాతీ లోపలికి పోతుంటే అదీ ఒక వీడియో. ఈ రెండు వీడియోలు చూస్తే డాక్టరుకి సగం సంగతి తెలిసిపోతుంది.

తమ్ముడిని నిరుత్సాహపరచకండి. ఈఎన్‌టీవాళ్లు సీటీ కావాలంటే, ముక్కల మందం 1 మి.మీ. లోపు ఉండేలా తీయమని వాళ్లనే అడగండి, డైకామ్ సీడీ తెచ్చుకోండి. ఈలోపు తమ్ముణ్ణి ఆ రంధ్రాల పలక ప్రింట్ చేసి, ఏ రంధ్రం ఎంత వచ్చిందో కొలిచి పెట్టుకోమనండి. ఆ అంకెలు, సీటీ రిపోర్టు రెండూ చేతికొచ్చాక ఇక్కడ రాయండి. ఏ అంకె దగ్గర గోడ గీత పెట్టాలో, ఎంత భాగం ప్రింట్ చేయాలో అప్పుడు మాట్లాడుకుందాం.